ఎఫ్‌ఈపీ గొట్టం: జీబ్రాఫిష్ పిండాన్ని లైట్‌షీట్ ముందు నిలబెట్టడానికి ఎంతవరకు పనికొస్తుంది?

చూడటానికి ఇది సాదా ప్లాస్టిక్ గొట్టం. ఎఫ్‌ఈపీ అంటే ఫ్లోరినేటెడ్ ఇథిలీన్ ప్రొపిలీన్ అనే పారదర్శక ప్లాస్టిక్, లైట్‌షీట్ అంటే పలుచటి లేజర్ కాంతి పొరతో నమూనాను చూసే సూక్ష్మదర్శిని. దీని విలువంతా ఒక్క అంకెలో ఉంది: వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.34. నీటిది 1.33. రెండూ ఇంత దగ్గరగా ఉండబట్టే లేజర్ పొర గోడ దాటినా పెద్దగా వంగదు. గాజు కేశనాళికలో ఈ సుఖం లేదు. కణకేంద్రకాలు సాగిపోయి మరకల్లా కనిపిస్తాయి.

2012లో డ్రెస్డెన్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ప్రచురించిన పద్ధతిలో గొట్టం లోపలి గోడకు 3 శాతం మిథైల్ సెల్యులోజ్ (జిగట ద్రవం) పూత, పిండం చుట్టూ 0.1 శాతం అగరోజ్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్), అడుగున గట్టి అగరోజ్ బిరడా ఉంటాయి. తోక పెరిగే దశకు ఇది చక్కటి ఏర్పాటు. 1.5 శాతం జెల్‌లో బిగిస్తే తోక చాచుకోలేక వంకరపోతుంది, ఇక్కడ హాయిగా సాగుతుంది. సుమారు 17 గంటల వయసు నుంచి పిండం మెలికలు తిరుగుతుంది, ట్రైకేన్ అనే మత్తుమందు తప్పనిసరి.

చిక్కంతా అంతకు ముందు దశలోనే. 4 నుంచి 10 గంటల మధ్య కణాల పొర పచ్చసొనను కప్పుకుంటూ కిందికి దిగుతుంది. అప్పుడు 0.1 శాతం అగరోజ్ చిక్కటి నీళ్లతో సమానం, పిండం నెమ్మదిగా దొర్లిపోతుంది. కదిలింది కణమా, పిండమా అన్నది ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. నిమిషానికో స్టాక్ (వేర్వేరు లోతుల్లో తీసిన బొమ్మల దొంతర) తీసినా అది చూపే కణాల దారులు నమ్మదగ్గవి కావు. ఈ దశకు 0.4 శాతం లో-మెల్ట్ (తక్కువ వేడికే కరిగే) అగరోజ్ వాడాలి. గొట్టం లేని అగరోజ్ కడ్డీ తన బరువు తానే మోయాలి గనుక 1 శాతమైనా ఉండాలి. గొట్టం ఆ భారం తీసుకుంటుంది కాబట్టి జెల్‌ను అంత మెత్తగా ఉంచగలం. మా దృష్టిలో దీన్ని కొనడానికి అసలు కారణం ఇదే.

లోపలి వ్యాసం 0.8 మి.మీ., బయటిది 1.6 మి.మీ. ఉన్నది తీసుకోండి. కోరియాన్ (పిండం చుట్టూ ఉండే గుడ్డు పొర) ఒలిచిన పిండం సుమారు 0.7 మి.మీ., సరిగ్గా పడుతుంది. కోరియాన్‌తో 1 మి.మీ. దాటుతుంది, పట్టదు. ఒలిచిన చిన్న పిండం మహా సున్నితం. ఉత్త ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది, నీటి ఉపరితలాన్ని తాకితే చిట్లి పచ్చసొన కారిపోతుంది. అందుకే అగరోజ్ పూసిన పళ్లెంలో ఒలవాలి, గొట్టంలోకి పీల్చేటప్పుడు గాలి బుడగ దాని దరికి రాకూడదు. జెల్ వేడి తగ్గి, ఇంకా ద్రవంగా ఉన్నప్పుడే పిండాన్ని దించాలి. ఛాంబర్‌లో 28.5 డిగ్రీలకు చేరాక నీళ్లలో కరిగిన గాలి బుడగలై గోడకు పడుతుంది, కాబట్టి ఈ3 ద్రావణాన్ని (పిండాలను ఉంచే ఉప్పునీటిని) ముందే వెచ్చబెట్టి ఉంచండి.

గొట్టం చుట్టలుగా వస్తుంది, అదొక పెద్ద లోపం. వంపు తీయకుండా వాడితే నాలుగు కోణాల నుంచి తీసేటప్పుడు, తిప్పిన ప్రతిసారీ పిండం ఫ్రేమ్ బయటికి పోతుంది. స్టీలు గొట్టంలోకి దూర్చి 180 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, అందులోనే చల్లారనివ్వాలి. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో, 70 శాతం ఇథనాల్‌తో అల్ట్రాసోనిక్ బాత్‌లో చెరో పది నిమిషాలు శుభ్రం చేయాలి. గోడ మీద గీత పడిందంటే బొమ్మలో చార పడినట్టే, ఆ ముక్క పారేయండి.

పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) గొట్టం కూడా ఇలాగే దొరుకుతుంది, కానీ అది పాలలా మసకగా ఉంటుంది, కాంతిని చెదరగొడుతుంది. ఆర్డరు పెట్టేటప్పుడు ఎఫ్‌ఈపీ అన్న మూడక్షరాలు సరిచూసుకోండి.