మొదటి ప్రాజెక్టుకి డీఎన్ఏనా, ఆర్ఎన్ఏనా?
వైజాగ్‌లో బయోటెక్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదటిసారైతే డీఎన్ఏనే తీసుకోండి. ఎదురెదురు దిశల్లో సాగే రెండు పోగులు, వాటిమీద ఏ, టీ, జీ, సీ అనే బేస్‌లు (జన్యు అక్షరాల్లాంటివి), ఏ-టీ మధ్య 2, జీ-సీ మధ్య 3 హైడ్రోజన్ బంధాలు, ఇదంతా అందరూ రాస్తారు గానీ, ఆ రెండు పోగుల మెలికకి ఎక్కువ బలం బేస్‌లు ఒకదానిమీద ఒకటి పేర్చుకోవడం వల్లే వస్తుంది, అది పరీక్షలో తప్పకుండా రాయండి.

ఆర్ఎన్ఏలో టీ బదులు యూ అనే బేస్. సాధారణంగా ఒకే పోగు, అదే తనమీద తాను మడుచుకుని జతలు కడుతుంది, జీ-యూ జత కూడా కుదురుతుంది, అందుకే అన్ని ఆకారాలు. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. కానీ దాని చక్కెరలో 2వ కార్బన్ దగ్గరున్న హైడ్రాక్సిల్ (ఓహెచ్ గుంపు), ముఖ్యంగా క్షారంలో, పక్క ఫాస్ఫేట్‌తో కలిసి గొలుసునే తెంపేస్తుంది. పైగా మన ఉక్కపోతలో చెమట చేతులతో ముట్టుకుంటే చర్మం మీది, ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఆర్ఎన్ఏజ్ ఎంజైములు మిగతాది పాడుచేస్తాయి. గ్లవ్స్, ఐసు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ దొరికితేనే దీని జోలికి వెళ్లండి.