రోమ్‌లో ఏడు చర్చిల గైడెడ్ వాక్ - ఫిలిప్ నేరి దారిలో

16వ శతాబ్దంలో రోమ్‌లో ఉన్న కాథలిక్ ప్రీస్ట్ పునీత ఫిలిప్ నేరి అంటే ఇష్టం ఉన్నవాళ్లు రోమ్ వెళ్తే ఈ వాక్ అస్సలు మిస్ అవ్వొద్దు. ఈ ఏడు చర్చిల యాత్ర పాతదే కానీ 1550ల్లో దానికి మళ్లీ ఊపు తెచ్చింది ఆయనే, ఊరంతా కార్నివాల్ (తపస్సు కాలానికి ముందు జరిగే సంబరాలు) గోలలో ఉంటే ఈయన జనాన్ని వెంటేసుకుని పాటలు పాడించుకుంటూ సెయింట్ పీటర్స్, సెయింట్ పాల్స్, సెయింట్ మేరీ మేజర్ అన్నీ తిప్పేవాడు, భక్తి అంటే మొహం మాడ్చుకుని కూర్చోవడం కాదని చేసి చూపించాడు మహానుభావుడు!

నాకు బాగా నచ్చింది విల్లా చెలిమొంతానా తోటలో బ్రేక్. అప్పట్లో కూడా అక్కడే కూర్చుని రొట్టె, గుడ్డు, జున్ను పంచుకునేవాళ్లట, ఆయన పేరుతో ఉన్న రాతి అరుగు ఇప్పటికీ ఉంది, మేమూ దాని చుట్టూ చేరి తెచ్చుకున్నవి తిన్నాం. జనం తనని మరీ పొగుడుతున్నారని ఆయన సగం గడ్డమే గీయించుకుని వీధిలో తిరిగాడని గైడ్ చెప్తే అందరూ పగలబడి నవ్వారు, ఆ నవ్వులోనే ఎవరో కీర్తన ఎత్తుకున్నారు, నాకైతే ఒళ్లు పులకరించింది నిజంగా.

గైడ్‌కి ఫుల్ మార్కులు. హెడ్‌సెట్లు మాత్రం గరగర, మార్చాలి. ఏడింటిలో ఒకటైన సాన్ సెబాస్టియానో చర్చి దగ్గర టైమ్ కూడా చాల్లేదు, 1544లో ప్రార్థనలో ఉండగా ఫిలిప్ నేరికి గుండెలోకి అగ్నిగోళం దిగినట్టు ఆ గొప్ప అనుభవం కలిగిన చోటు కదా, ఇంకాసేపు వదలాల్సింది.

నడక దాదాపు 20 కిలోమీటర్లు, మంచి షూస్ వేసుకోండి. ఆయన సమాధి ఉన్న కియేసా నువోవా చర్చి ఈ ఏడింటిలో రాదు, అది విడిగా చూసుకోవాలి, మే 26న ఆయన పండగకి కుదిరితే ఇంకా మంచిది.