డీబీఏ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఒక్క రిస్టోర్ చేయించి చూడండి: అమీర్‌పేట్‌లో చేరబోయేవాళ్లకు హెచ్చరిక

మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేసేలోపే చేతిలో కరపత్రం పడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డీబీఏ, అంటే డేటాబేస్‌ను చూసుకునే ఉద్యోగం, దాంతోపాటు రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ, 45 రోజులు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ. ఇలాంటి కోర్సు ఒకటి ఈమధ్య పూర్తయింది. సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఈ లోపం ఒక్కచోటిది కాదు. ఆ బ్యాచ్‌కు బ్యాకప్ తీయడం చూపించారు, రిస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చే పని) ఒక్కసారి కూడా చేయించలేదు. రిపోర్టింగ్ అంటే శుభ్రంగా ఉన్న ఎక్సెల్ షీట్ మీద బార్ చార్టులు లాగించారు, అంతే.

బ్యాకప్ ఎవరైనా తీస్తారు. రైట్ క్లిక్ చేసి ఓకే కొడితే అయిపోతుంది. డీబీఏకి జీతం ఇచ్చేది రిస్టోర్‌కి. అందుకే డెమో క్లాసులో ఈ పని చేసి చూపించమని అడగండి. ఫుల్ రికవరీ మోడల్‌లో, అంటే లాగ్ బ్యాకప్ తీసేదాకా ప్రతి మార్పూ లాగ్ ఫైల్‌లో ఉండేలా పెట్టిన చిన్న డేటాబేస్. 10:00కి ఫుల్ బ్యాకప్, 10:30కి లాగ్ బ్యాకప్. 10:42కి ఎవరో వేర్ (ఏ వరుసలో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొట్టి టేబుల్ ఖాళీ చేశారు. 10:41 నాటి స్థితి తిరిగి రావాలి.

పని వచ్చినవాళ్లు ముందు చేసేది రిస్టోర్ కాదు, టెయిల్ లాగ్ బ్యాకప్. 10:30 తర్వాతి మార్పులు ఇంకా లాగ్ ఫైల్‌లోనే ఉంటాయి. దాన్ని తీయకుండా పాత బ్యాకప్‌ను పైన రిప్లేస్ చేస్తే ఆ పదకొండు నిమిషాల డేటా గోవిందా. ఆ తర్వాత ఫుల్ బ్యాకప్‌ను నో రికవరీతో (ఇంకా లాగ్‌లు ఎక్కించేలా ఆపి ఉంచి), 10:30 లాగ్‌ను కూడా నో రికవరీతో, చివరికి టెయిల్ లాగ్‌ను స్టాప్ ఎట్ 10:41 పెట్టి రికవరీతో రిస్టోర్ చేయాలి. మధ్యలో ఎక్కడైనా పొరపాటున రికవరీ ఇచ్చేస్తే డేటాబేస్ ఆన్‌లైన్‌కి వచ్చేస్తుంది, ఇక దానిమీద మరో లాగ్ ఎక్కదు. మొదటి నుంచి మళ్లీ చేసుకోవాల్సిందే. సింపుల్ రికవరీలో అసలు లాగ్ బ్యాకప్పే ఉండదు కాబట్టి ఈ ఆటే లేదు. ఇరవై నిమిషాల పని. నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకో చిన్న పరీక్ష: లాగ్ ఫైల్ డిస్క్ నిండా పెరిగిపోతే ఏం చేస్తారని అడగండి. "ష్రింక్ చేస్తాం" (ఫైల్ సైజు కుదిస్తాం) అని ఆగిపోయారంటే రోగం వదిలేసి జ్వరానికి మాత్ర ఇస్తున్నట్టే. ఫుల్ రికవరీ పెట్టి లాగ్ బ్యాకప్ జాబ్ పెట్టకపోవడం, లేదా ఎప్పుడో మొదలైన ట్రాన్సాక్షన్ (ఒక్కటిగా పూర్తవ్వాల్సిన మార్పుల గుంపు) ఇంకా మూసుకోకపోవడం సాధారణంగా అసలు కారణాలు. లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో సర్వరే చెబుతుంది: సిస్ డేటాబేసెస్ వ్యూలో లాగ్ రీయూజ్ వెయిట్ కాలమ్ చూస్తే చాలు.

రిపోర్టింగ్ వైపు మోసం ఇంకా సున్నితం, ఎందుకంటే తప్పు లెక్క కూడా అందంగానే కనిపిస్తుంది. 1000 రూపాయల బిల్లు ఒకటి అనుకోండి. అందులో మూడు ఐటమ్ లైన్లు, కట్టింది 500 చొప్పున రెండు విడతలు. బిల్లు, ఐటమ్, పేమెంట్ టేబుళ్లు మూడింటినీ ఒకే క్వెరీలో జాయిన్ చేస్తే ఆరు వరుసలు వస్తాయి. అప్పుడు వసూలు మొత్తం 3000, ఐటమ్‌ల మొత్తం 2000, బిల్లు మొత్తం 6000. ఎర్రర్ ఏమీ రాదు. ఒక్కో టేబుల్‌ను విడిగా బిల్లు నంబరు వారీగా కూడి, ఆ తర్వాత కలపాలని నేర్పని కోర్సు రిపోర్టింగ్ కోర్సు కాదు.

తేదీలదీ అదే కథ. కాలమ్‌లో టైమ్ కూడా ఉంటే "మార్చి 1 నుంచి మార్చి 31 మధ్య" అన్న షరతు 31వ తేదీ అర్ధరాత్రి దగ్గరే ఆగిపోతుంది, ఆ రోజు అమ్మకాలన్నీ జారిపోతాయి. ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాయాలి. పవర్ బీఐలో ఇయర్ టు డేట్ (ఏడాది మొదలు నుంచి ఇప్పటిదాకా) లెక్క కూడా సంవత్సరాంతం మార్చి 31 అని చెప్పకపోతే జనవరి నుంచే మొదలవుతుంది. మన ఆడిటర్ దగ్గర ఆ రిపోర్టు నిలబడదు.

సిలబస్ కాగితం జాగ్రత్తగా చదవండి. మైక్రోసాఫ్ట్ వారి 70-462 సర్టిఫికేషన్‌కు తయారు చేస్తామంటే అది పాత జిరాక్స్ మెటీరియల్. ఆ పరీక్ష 2021 జనవరి 31తోనే ఆగిపోయింది. ఇప్పుడు అడగాల్సిన పరీక్షలు డీబీఏకి డీపీ-300, పవర్ బీఐకి పీఎల్-300. డేటాబేస్ మిర్రరింగ్‌కు (మరో సర్వర్‌లో నకలు ఉంచే పాత పద్ధతికి) వారం రోజులు కేటాయించి దాని స్థానంలో వచ్చిన ఆల్వేస్ ఆన్‌కు ఒక్క గంట ఇచ్చినా అనుమానించండి; మిర్రరింగ్‌ను వదిలేయబోతున్నట్టు మైక్రోసాఫ్ట్ 2012 వెర్షన్‌తోనే చెప్పేసింది.

"సాఫ్ట్‌వేర్, సర్వర్ యాక్సెస్ ఛార్జీలు" అని వేరే డబ్బు అడిగితే ఇవ్వకండి. ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లన్నీ ఉన్న డెవలపర్ ఎడిషన్ 2016 నుంచి నేర్చుకునేవాళ్లకు ఉచితం. మేనేజ్‌మెంట్ స్టూడియో, పవర్ బీఐ డెస్క్‌టాప్ కూడా ఉచితమే. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వేసిచ్చి సరిపెట్టుకోమన్నా ఒప్పుకోవద్దు. అందులో పనులను వేళకు తనంతట నడిపే ఏజెంట్ ఉండదు. ఏజెంట్ లేనిదే బ్యాకప్ జాబులు షెడ్యూల్ చేయడం ఎక్కడ నేర్చుకుంటారు?

"మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ మేం చూసుకుంటాం" అన్న మాట వినపడితే, అంటే దొంగ అనుభవ పత్రాలు ఇప్పిస్తామంటే, ఫీజు సంగతి పక్కన పెట్టి ముందు బయటికి రండి. పీఎఫ్ ఖాతాలో ఏ కంపెనీ ఎప్పటి నుంచి డబ్బు జమ చేసిందో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోయేది మీరు, కన్సల్టెన్సీ కాదు. ఒరిజినల్ టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి.

డబ్బు ఎవరిదో సొంత ఫోన్ నంబరుకు పంపకండి, సంస్థ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. ఫీజు మీద జీఎస్టీ వేస్తే ఆ నంబరు అడగండి. 15 అక్షరాలు ఉండాలి, తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే 36తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. రీఫండ్ షరతు, ఫ్యాకల్టీ పేరు, ఎన్ని గంటల ల్యాబ్ అన్నవి రసీదు మీదే రాయించుకోండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కరపత్రం, వాట్సాప్ మెసేజ్‌లు, చెల్లింపు స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.