శెనక్కాయ రైతుతో అలబామా: అత్తమ్మ, మామయ్యలతో మూడు రోజులు

మా అత్తమ్మ, మామయ్య కదిరి దగ్గరి పల్లె నుంచి అట్లాంటా వచ్చి నాలుగు నెలలైంది. నయాగరా, వాషింగ్టన్, స్మోకీ కొండలు, చుట్టుపక్కల గుళ్లు అన్నీ అయిపోయాయి. ఎక్కడికి తీసుకెళ్లినా మామయ్య ఫోటోకి నిలబడతారు, "బాగుందిమ్మా" అంటారు, అంతే. నలభై ఏళ్లు శెనక్కాయ పంట పండించిన మనిషికి అద్దాల మేడలు ఎన్నని చూపిస్తాం? శెనక్కాయ పంట గురించి రైతులకి నేర్పిన నల్లజాతి శాస్త్రవేత్త కార్వర్ పేరు మీద అలబామా రాష్ట్రం టస్కీగీలో మ్యూజియం ఉందని గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి మాంట్‌గోమరీ, సెల్మా, గీస్ బెండ్ కలిపి మూడు రోజుల ప్రయాణం వేసుకున్నాం. ఏప్రిల్ చివర్లో మా ఆయన రెండు రోజులు సెలవు పెట్టారు. గురువారం పొద్దున బయల్దేరాం. పెద్దవాళ్లతో వెళ్లాలనుకునే వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అట్లాంటా నుంచి టస్కీగీ రెండు గంటల పైచిలుకు. రాష్ట్రం దాటగానే గడియారం గంట వెనక్కి జరుగుతుంది. పోయేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు అదే గంట పోతుంది. చివరి రోజు ప్లాన్ వేసుకునేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన టస్కీగీ విద్యాసంస్థ 1881 జూలై 4న మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ బుకర్ టి. వాషింగ్టన్ వయసు అప్పటికి పాతికేళ్లే, బానిసగా పుట్టిన మనిషి. చుట్టూ ఉన్న ఎర్ర ఇటుక భవనాల్లో పాతవి చాలా వరకు విద్యార్థులే ఇటుకలు కాల్చి కట్టుకున్నవి. మూడుసార్లు ఇటుక బట్టీ పాడైపోతే, నాలుగోసారి పెట్టడానికి డబ్బు లేక వాషింగ్టన్ తన గడియారం పదిహేను డాలర్లకి తాకట్టు పెట్టారట. ఈ మాట చెప్పగానే మామయ్య దగ్గర్లోని గోడ దాకా వెళ్లి ఇటుక మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డారు. వాషింగ్టన్ నివాసం 'ది ఓక్స్' కూడా క్యాంపస్‌లోనే ఉంది. దాని నమూనా గీసిన రాబర్ట్ టేలర్ ఎంఐటీలో చదివిన నల్లజాతి ఆర్కిటెక్ట్. లోపల చూడాలంటే టూర్ వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కార్వర్ మ్యూజియం చిన్నది. టికెట్ లేదు, జనం లేరు. మేమైతే రెండు గంటలున్నాం. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896లో ఇక్కడికొచ్చి, 1943లో పోయేదాకా ఇక్కడే పనిచేశారు. వచ్చిన కొత్తలో ప్రయోగశాలలో సామాను లేదు. విద్యార్థుల్ని వెంటేసుకుని చెత్తకుప్పల్లోంచి పాత సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి వాటితోనే ప్రయోగాలు చేశారు. ఏటా పత్తే వేసి వేసి ఇక్కడి నేల సారం పోయింది. పత్తి మానలేకపోతే మధ్యలో అలసందలు, శెనక్కాయలు వేయండి, వేళ్ల బుడిపెలు నత్రజని పట్టి నేలకి బలమిస్తాయి అని ఆయన ఊరూరా తిరిగి చెప్పారు. రైతు కాలేజీకి రాలేడు కాబట్టి కాలేజీయే రైతు దగ్గరికి పోవాలని 1906లో ఒక బండి కట్టించారు. పేరు జెసప్ బండి. పనిముట్లు, విత్తనాలు, నమూనాలు అందులో వేసుకుని పల్లెల్లోకి పోయేవాళ్లు.

ఆ బండి గురించి మామయ్యకి తెలుగులో చెబుతున్నాను. ఆయన మధ్యలోనే ఆపి, "మా కదిరి ఫారం వాళ్లు కూడా ఇట్నే జీపులో వచ్చి విత్తనాలు చూపించేవాళ్లు. కె-సిక్స్ మాకు అట్లనే తెలిసింది" అన్నారు. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ల కదిరి-6 రకం గురించి ఆ మాట. నాలుగు నెలల్లో ఆయన అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. కార్వర్ 1916లో వేసిన చిన్న పుస్తకంలో శెనక్కాయలు పండించే పద్ధతి, 105 రకాల వంటలు ఉన్నాయి. పీనట్ బటర్ కనిపెట్టింది కార్వరే అని చాలామంది అంటారు, అది నిజం కాదు. ఆయన అసలు గొప్పతనం నేలని బాగుచేయడంలో ఉంది.

ఇదే రాష్ట్రంలో ఎంటర్‌ప్రైజ్ అనే ఊళ్లో పత్తికాయ తొలిచే బోల్ వీవిల్ పురుగుకి 1919లో స్మారకం కట్టారు. ఆ పురుగు పత్తిని నాశనం చేస్తేనే రైతులు శెనక్కాయకి మళ్లి బాగుపడ్డారని ఆ కృతజ్ఞత. చాలా పక్కకి పోవాలి కాబట్టి వెళ్లలేదు. మామయ్యకి ఆ కోరిక మిగిలిపోయింది.

క్యాంపస్ స్మశానంలో వాషింగ్టన్, కార్వర్ సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. కీర్తికి తోడు సంపదా కూడబెట్టుకోగలిగీ, ఆ రెండూ పట్టించుకోకుండా లోకానికి ఉపయోగపడటంలోనే సంతోషం వెతుక్కున్నాడని కార్వర్ రాతి మీద ఉంది. ఈ ఊరి పేరు మీద ఒక ఘోరం కూడా ఉంది. 1932 నుంచి 1972 వరకు, నలభై ఏళ్లు, ఆరు వందల మంది పేద నల్లజాతి మగవాళ్ల మీద ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ అధ్యయనం చేసింది. జబ్బున్న వాళ్లకి పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం చేయలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు. ఇది చెప్పకుండా టస్కీగీ గురించి రాయడం నాకు మనసొప్పలేదు.

మాంట్‌గోమరీలో మొదటి రాత్రి తప్పు చేశాం. డబ్బు కలిసొస్తుందని హైవే పక్కన చవక మోటెల్ బుక్ చేశాం. గదినిండా సిగరెట్ వాసన, కార్పెట్ తడి. అత్తమ్మకి ఆయాసం ఉంది, రాత్రంతా నిద్రలేదు. పొద్దున్నే ఖాళీ చేసి డౌన్‌టౌన్‌లో హోటల్‌కి మారాం. రేటు దాదాపు రెట్టింపు. కానీ చూడాల్సినవి చాలా వరకు నడక దూరం, పార్కింగ్ టెన్షన్ లేదు, మధ్యాహ్నం పెద్దవాళ్లు గదికొచ్చి గంట పడుకోవచ్చు. నా మాట విని డౌన్‌టౌన్‌లోనే దిగండి.

ముందు రోజా పార్క్స్ మ్యూజియం. బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వనన్నందుకు 1955 డిసెంబర్ 1న ఆవిణ్ణి అరెస్టు చేసిన చోటే కట్టారు. లోపల బస్సు ముందు నిలబెట్టి, ఆ సాయంత్రం జరిగింది బస్సు కిటికీల్లో కనబడేలా చూపిస్తారు. ఇంగ్లీషు రాకపోయినా పూర్తిగా అర్థమవుతుంది, అందుకే పెద్దవాళ్లకి ఇది మొదట చూపించాలి. అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల పిల్ల కూడా సీటు ఇవ్వనని అరెస్టయింది. పార్క్స్ అరెస్టయిన రాత్రి జో యాన్ రాబిన్సన్ అనే లెక్చరర్ కాలేజీ మిషన్ మీద తెల్లవార్లూ, బస్సులెక్కొద్దని వేల కరపత్రాలు తీసింది. 381 రోజులు నల్లజాతి జనం బస్సెక్కలేదు.

అత్తమ్మకి నచ్చింది మాత్రం జార్జియా గిల్మోర్ కథ. ఆవిడ వంటమనిషి. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఉద్యోగం పోయింది. ఇంట్లోనే వండి, తోటి ఆడవాళ్లతో కలిసి అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేది. దొరికితే అందరి ఉద్యోగాలూ పోతాయని ఆ గుంపుకి 'ఎక్కడిదీ కాని సంఘం' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. డబ్బు ఎక్కడిదని అడిగితే ఎక్కడిదీ కాదని చెప్పొచ్చు కదా! "వండి పెట్టేవాళ్లు లేకుంటే ఏ పోరాటమూ నిలబడదు పాపా" అంది అత్తమ్మ.

డెక్స్టర్ అవెన్యూ చర్చి, మార్టిన్ లూథర్ కింగ్ 1954 నుంచి 1960 వరకు పాస్టర్‌గా ఉన్న చోటు, రాష్ట్ర శాసనసభ భవనం క్యాపిటల్‌కి కూతవేటు దూరం. ఆ క్యాపిటల్ మెట్ల మీదే 1861లో బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలన్న దక్షిణాది కూటమికి అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ ప్రమాణం చేశాడు. ఆ చోట నక్షత్రం గుర్తు ఉంది. ఆ రెండు కట్టడాల మధ్య రోడ్డు మీద రెండు నిమిషాలు నిలబడండి. కింగ్ కుటుంబం ఉన్న ఇల్లు కొంచెం దూరం, అది గైడ్‌తోనే చూడాలి. చంపుతామని ఫోన్లు వస్తుంటే 1956 జనవరిలో ఒక అర్ధరాత్రి ఆయన ఒక్కడే కూర్చుని ప్రార్థించింది ఈ ఇంటి వంటగదిలోనే. తర్వాత కొద్దిరోజులకే ఇంటి మీద బాంబు వేశారు. వరండా నేలలో ఆ గుంట ఇప్పటికీ ఉంది. లోపలున్న భార్య, పసిబిడ్డ క్షేమంగా బయటపడ్డారు.

ఇక బానిసత్వం, నల్లవాళ్ల మీద గుంపు హత్యల చరిత్ర చెప్పే లెగసీ మ్యూజియం, శాంతి న్యాయ స్మారకం. బ్రయన్ స్టీవెన్సన్ అనే లాయర్ స్థాపించిన సంస్థ 2018లో వీటిని తెరిచింది. మేము ఐదు డాలర్ల టికెట్‌తో వీటినీ, నది ఒడ్డున ఉన్న శిల్పాల పార్కునీ కలిపి చూశాం. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఉచితంగా బస్సు తిప్పుతున్నారు. పార్కుకి పడవలో తీసుకెళ్తారు. సిబ్బంది మర్యాద గురించి ఎంత చెప్పినా తక్కువే. అత్తమ్మ నడవలేకపోతుంటే ఎవరూ అడగకుండానే చక్రాల కుర్చీ తెచ్చారు. వారంలో కొన్ని రోజులు మూసి ఉంటాయి, చూసుకుని బయల్దేరండి. చిన్నపిల్లలకి మాత్రం ఈ మ్యూజియం బరువవుతుంది.

మ్యూజియంలో ఒక గోడ నిండా గాజు సీసాలు. ఒక్కోదాంట్లో మట్టి, పైన ఒక పేరు, ఊరు, తేదీ. గుంపులు కట్టి నల్లవాళ్లని చంపిన చోట్ల నుంచి వాళ్ల బంధువులు, ఊరివాళ్లు తవ్వి తెచ్చిన మట్టి అది. మామయ్య దగ్గరగా వెళ్లి ఒక్కో సీసా చూస్తూ, గొంతు తగ్గించి, "ఇది ఎర్ర నేల... ఇది ఇసక... ఇది రేగడి" అంటూ నడిచారు. నేను పేర్లు చదువుతున్నాను, ఆయన నేలలు చదువుతున్నారు. చివరికి, "ఇన్ని నేలల్లోనా అమ్మా?" అన్నారు. 1877 నుంచి 1950 మధ్య 4,400 మందికి పైగా అలా చంపారని లెక్క తేల్చారు. స్మారకంలో 800కి పైగా తుప్పు రంగు ఇనుప స్తంభాలు. మొదట అవి మన ఎత్తున ఎదురుగా ఉంటాయి. నడుస్తుంటే నేల దిగుతుంది, స్తంభాలు పైకి పోతాయి, చివరికి తల మీద వేలాడుతుంటాయి. యజమాని భార్య వెనక నడిచాడని 1894లో ఒకర్ని ఉరితీశారని ఒక పలక మీద ఉంది. ఆ రోజు సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకండి. మేం గదికొచ్చి ఎవరికి వాళ్లం మౌనంగా ఉండిపోయాం.

తిండి గురించి. శాకాహారులకి కష్టమేమీ లేదు గానీ ఒక జాగ్రత్త. ఇక్కడ ఆకుకూరల్లో, అలసందల కూరలో పంది మాంసం వేసి వండటం మామూలు. ప్రతిచోటా అడగాల్సిందే. బెండకాయ వేపుడు, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంప కూర, గ్రిట్స్ అనే మొక్కజొన్న నూక జావ మావాళ్లకి బాగా పట్టాయి. రోడ్డు పక్కన పెద్ద గిన్నెలో ఉప్పేసి ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతారు. వేడివేడిగా కాగితం సంచిలో పోసిచ్చాడు. మామయ్య ఒకటి వలిచి, గింజ నొక్కి చూసి, "లేతవి. ఇంకో పది రోజులు నేలలో ఉంచాల్సింది" అన్నారు, అంటూనే సంచి మొత్తం పూర్తిచేశారు.

మూడో రోజు సెల్మా. మాంట్‌గోమరీ నుంచి గంట. ఊరు బీదగా ఉంది. 2023 జనవరిలో వచ్చిన సుడిగాలికి పడిపోయిన ఇళ్లు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. హోటళ్లు తక్కువ, రాత్రి ఉండేలా పెట్టుకోవద్దు. ఎడ్మండ్ పెటస్ వంతెన మీద మాత్రం కారులో పోకండి, నడవండి. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం నడుస్తున్న జనాన్ని పోలీసులు లాఠీలతో కొట్టింది ఆ వంతెన దాటగానే. రెండు వారాల తర్వాత వాళ్లే మళ్లీ బయల్దేరి 54 మైళ్లు నడిచి మాంట్‌గోమరీ చేరారు. ఓటు నమోదుకి చదువు పరీక్షలు పెట్టి నల్లవాళ్లని తిప్పి పంపేవారని చెబితే మామయ్యకి మింగుడుపడలేదు. "మా నాయనకి అక్షరం ముక్క రాదు. వేలిముద్ర. అయినా యాభై రెండు నుంచి ఒక్క ఓటు పోగొట్టుకోలేదే" అన్నారు.

అక్కడే నాకు ఒకటి చెప్పాలనిపించింది. ఆ నడక తర్వాత ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 3న, అదే అధ్యక్షుడు జాన్సన్ వలస చట్టం మార్చారు. అంతకుముందు 1946 చట్టం కింద భారతీయులకి ఏడాదికి వంద మందికే చోటు. మనలో ఎక్కువమంది ఇక్కడికి రాగలిగింది ఆ మార్పు తర్వాతే. మనిషిని పుట్టుక చూసి ఆపకూడదన్న వాదన ఆ రోజుల్లో గట్టిపడింది ఈ వంతెన లాంటి చోట్లే. మన సంఘాలు ఏటా పిక్నిక్‌లు పెడతాయి కదా, ఒక్కసారి బస్సు మాట్లాడి పిల్లల్ని ఇక్కడికి తీసుకొస్తే ఎంత బాగుండు!

సెల్మా నుంచి గంట లోపు కామ్డెన్. అక్కడ అలబామా నది దాటడానికి కారుతో సహా ఎక్కించే ఫెర్రీ ఉంది. ఎక్కితే అవతల గీస్ బెండ్. 1962లో ఇక్కడి నల్లవాళ్లు కామ్డెన్ వెళ్లి ఓటు నమోదు చేయించుకోవడం మొదలుపెట్టాక ఫెర్రీ ఆపేశారు. మళ్లీ నడిచింది 2006లో. నలభై నాలుగేళ్లు వాళ్లు చుట్టూ తిరిగే పోవాల్సి వచ్చింది. ఊళ్లో చాలామంది ఇంటిపేరు పెట్‌వే. ఒకప్పటి బానిస యజమాని ఇంటిపేరు అది. ఫెర్రీ వేళలు ఆ రోజు పొద్దున ఇంకోసారి సరిచూసుకోండి. దాన్ని నమ్ముకునే ప్లాన్ వేసుకుంటే ఇబ్బంది.

ఈ ఊరి బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం దాకా వెళ్లాయి. పాత పని బట్టలు, జీన్స్ మోకాళ్లు, పిండి సంచులు కలిపి కుట్టినవి. మిజూరి పెట్‌వే అనే ఆవిడ 1942లో భర్త పోయాక ఆయన పొలం బట్టలన్నీ కోసి ఒక బొంత కుట్టుకుందట, కప్పుకుంటే ఆయన దగ్గరున్నట్టు ఉంటుందని. మేం వెళ్లిన చోట ఒక పెద్దావిడ కొన్ని తాళ్ల మీద ఆరేసి కూర్చుంది. ధరలు వేలల్లో ఉన్నాయి, మేం కొనలేకపోయాం. చిన్న దిండు గలీబు ఒకటి తీసుకున్నాం.

అత్తమ్మ అన్ని బొంతల రంగులూ ఒకసారి చూసి, ఒకదాని దగ్గర ఆగి అంచు తిప్పి వెనకవైపు కుట్టు చూడటం మొదలుపెట్టింది. వేలితో దారం వెంటే పోయింది. పెద్దావిడ లేచి పక్కకొచ్చింది. ఇద్దరికీ మాట కలవదు. అత్తమ్మ కుడిచేతి చూపుడువేలు కొస చూపించింది, సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన చోటు. ఆవిడ తన వేలు పక్కన పెట్టింది. ఫెర్రీకి టైమవుతోందని మా ఆయన రెండుసార్లు పిలిచారు. అత్తమ్మ కారెక్కాక, "మన పాత చీరలు పారేయొద్దు పాపా, ఊరికి పోయేలోపు నీకొకటి కుట్టిపెడతా" అంది.