మోటారు బాగానే ఉంది, బోర్డే పోయింది: ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ ఏళ్ళ తరబడి వాడాక

ఉతకడంలో ఈ మెషీన్‌కు వంక పెట్టలేను. కాలర్ మురికి పోతుంది, నీళ్ళు తక్కువ పడతాయి, బేరింగ్ ఇప్పటికీ చప్పుడు చేయదు. తంటా అంతా కంట్రోల్ బోర్డుతోనే, అంటే మెషీన్‌ను నడిపించే సర్క్యూట్ బోర్డుతో.

వారంటీ దాటిన కొన్నాళ్ళకు మొదలైంది. స్విచ్ వేస్తే ప్యానెల్ ఒక్కోసారి వెలిగేది, ఒక్కోసారి వెలిగేది కాదు. ప్లగ్ పీకి కాసేపాగి పెడితే మళ్ళీ మామూలే. తర్వాత ఉతుకుతూ ఉతుకుతూ మధ్యలో ఆగిపోవడం. లోపల నీళ్ళు, డోర్ లాక్ పడిపోయి ఉంటుంది, తీయడానికి రాదు. అదో టెన్షన్. కంపెనీ మెకానిక్ వచ్చి అయిదు నిమిషాల్లో తేల్చేశాడు: "బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే." అందులో ఏం పోయిందని అడిగితే జవాబు లేదు.

బోర్డులు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళితే అసలు సంగతి బయటపడింది. పవర్ సప్లై భాగంలో ఒక కెపాసిటర్ (కరెంటును కాస్త నిల్వ ఉంచే చిన్న డబ్బీ లాంటి ముక్క) పైభాగం ఉబ్బింది. హీటర్ రిలే (హీటర్‌కు కరెంటు కలిపి, తీసే స్విచ్) కాళ్ళ దగ్గర టంకం చుట్టూ వెంట్రుకంత పగులు, భూతద్దం పెడితే గానీ కనపడలేదు. ప్రోగ్రామ్ నడిపే చిప్ మాత్రం నిక్షేపంగా ఉంది. ఇలాంటి కెపాసిటర్‌లో ఉండే ద్రవం వేడికి మెల్లగా ఆరిపోతుందట. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. చాలా మోడళ్ళలో మెషీన్ ఆపేసినా ఈ భాగానికి కరెంటు అందుతూనే ఉంటుంది, అందుకే ఇప్పుడు ఉతుకుడు అయిపోగానే గోడ స్విచ్ కట్టేస్తున్నాం. ఇక రిలే టంకమైతే వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడం... అలా అలా విడిపోతుంది.

ఈ బోర్డు మీద పలచటి పూతే ఉంది కాబట్టి సరిపోయింది. కొన్నిటి మీద ఏకంగా రెసిన్, అంటే గట్టిపడిపోయే జిగురు లాంటిది, పోసేస్తారు. తేమ, బొద్దింకలు లోపలికి పోకుండా అది కాపాడుతుంది, కాదనను. కానీ చిన్న ముక్క మార్చాలన్నా దాన్ని గీకి తీసేసరికి చుక్కలు కనిపిస్తాయి. చిన్న ముక్క కోసం బోర్డు మొత్తం కొనిపించడమే నాకు మింగుడుపడని విషయం.

పాత తిప్పుడు టైమర్లే మేలనేవాళ్ళతో పూర్తిగా ఏకీభవించను. వాటిలోనూ పళ్ళు అరుగుతాయి, కాంటాక్టులు నల్లబడతాయి. పైగా బట్టలన్నీ ఒక పక్కకు చేరితే పసిగట్టి, నెమ్మదిగా తిప్పి సర్ది, అప్పుడు స్పిన్ అందుకునే తెలివి వాటికి లేదు. మా మెషీన్ ఆ పని రోజూ చక్కగా చేస్తుంది.

టచ్ బటన్ల గురించి మాత్రం మంచి మాట చెప్పలేను. తడి వేలికి పలకవు, స్టార్ట్ ఒకటికి రెండుసార్లు నొక్కాలి.

కొనేవాళ్ళు వైఫై ఉందా అని కాదు, బోర్డు విడిగా ఎన్నేళ్ళు దొరుకుతుందో అడగండి. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఒక మోడల్ మార్కెట్లోకి రావడం ఆగిపోయాక కూడా సర్క్యూట్ బోర్డులను 10 ఏళ్ళపాటు అందుబాటులో ఉంచాలి. డిస్‌ప్లే బోర్డు, పవర్ బోర్డు వేర్వేరుగా ఉంటే ఇంకా మంచిది, పోయినదొక్కటే మార్చుకోవచ్చు.