గ్రౌండ్ కలపాలా, విడదీయాలా?

ఆర్డ్యునో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) 5 వోల్టుల మీద, మోటారు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తున్నాయి, మధ్యలో ఒక లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (5 వోల్టులతోనే ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్ స్విచ్) ఉంది అనుకుందాం. రెండింటి గ్రౌండ్‌లూ (వోల్టేజి లెక్కకు సున్నాగా తీసుకునే మైనస్ వైపులు) కలపకపోతే మోటారు అసలు కదలదు, లేదా దాని ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. గేట్ (ఆన్ చేసే కాలు) వోల్టేజిని మాస్‌ఫెట్, బ్యాటరీ మైనస్‌కు కలిసిన తన సోర్స్ కాలు నుంచే కొలుచుకుంటుంది. ఆర్డ్యునో ఇచ్చే 5 వోల్టులు తన గ్రౌండ్ నుంచి లెక్క. రెండు మేడలకూ నేల ఒకటి కానప్పుడు ఎత్తులు పోల్చి ఏం లాభం?

కలపడానికి ఒక్క వైరు చాలు, ఖర్చు లేదు. చిక్కల్లా ఆ వైరు ఎక్కడ కలిపామన్నదే. మోటారు ఆంపియర్లు ఆర్డ్యునో గ్రౌండ్ పిన్ గుండా తిరిగి వెళ్తే సెన్సర్ రీడింగులు ఊగుతాయి, బోర్డు రీసెట్ కూడా అవుతుంది. అందుకే మోటారు కరెంటును తిన్నగా బ్యాటరీ మైనస్‌కు పంపి, ఆర్డ్యునో గ్రౌండ్‌ను కూడా విడిగా అక్కడికే తేవాలి.

గ్రౌండ్‌లు కలపకుండా పనిచేసే రెండో దారి పీసీ817 లాంటి ఆప్టోకప్లర్. లోపల ఎల్‌ఈడీ వెలిగితే అవతలి ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది; వెలుగే తప్ప కరెంటు దాటదు. 330 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 5 వోల్టుల పిన్ నుంచి సుమారు 11 మిల్లీఆంపియర్లు చాలు. కానీ వేగం తక్కువ, 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం (మోటారు వేగం మార్చడానికి వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే సిగ్నల్) రూపు చెడిపోతుంది.

చిన్న డీసీ మోటారుకైతే నేను గ్రౌండ్ కలిపేస్తాను. 230 వోల్టుల లైను ఉందో లేదో కనిపెట్టే సర్క్యూట్‌కైతే ఆప్టో తప్పనిసరి, బేరమే లేదు. ఆప్టో పెట్టి మళ్లీ రెండు గ్రౌండ్‌లూ కలిపేసేవాళ్లూ ఉన్నారు! రిలే బోర్డుల్లో జేడీ-వీసీసీ జంపర్ (రిలే వైపు సరఫరాను ఆర్డ్యునో వైపు సరఫరాతో కలిపే చిన్న ముక్క) తీయకుండా వదిలేస్తే జరిగేదీ అలాంటిదే, విడదీయడం వృథా అవుతుంది.