ఉద్దానం కొబ్బరితోటలో కాంటికిమ్యాక్: చాన్నాళ్ళు వాడాక చెప్తున్నా

కవిటి దగ్గర మా చిన్నాన్న కొబ్బరితోటలో మట్టి తేమ చూసి రేడియోలో రీడింగ్ పంపే నోడ్లు పెట్టి చాన్నాళ్ళయింది, అన్నీ టెలోస్‌బీ అనే చిన్న బోర్డులే, రెండేసి డబుల్‌ఏ సెల్స్‌తో నడుస్తాయి. చూడ్డానికొచ్చినోళ్ళంతా సెన్సర్ ఏ కంపెనీదని అడుగుతారు గానీ మ్యాక్, అంటే రేడియో ఎప్పుడు లేవాలో ఎప్పుడు పడుకోవాలో చూసే సాఫ్ట్‌వేర్, ఏది పెట్టావని ఎవరూ అడగరు, సెల్స్ ఎన్నాళ్ళు వస్తాయనేది తేలేది అక్కడే కదా.

ఏటంటే, ఈ బోర్డులో ఉన్న సీసీ2420 రేడియో చిప్ ఫుల్ పవర్‌లో పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపులు లాగితే, ఊరికే వింటూ కూర్చున్నా 18.8 లాగేస్తుంది. రేడియో ఆపకుండా ఉంచితే మామూలు సెల్స్ వారం రావు.

నేను పెట్టింది కాంటికిమ్యాక్, కాంటికి అనే చిన్న బోర్డుల ఓఎస్‌లో వచ్చే మ్యాక్. అది మామూలుగా సెకనుకి 8 సార్లు లేచి, గాల్లో సిగ్నల్ ఉందా అని రెండేసి సార్లు చూసి, లేకపోతే వెంటనే పడుకుంటుంది. పంపే నోడ్ అవతలిది లేచి అందిందని ఎకనాలెడ్జ్ చేసేదాకా అదే ప్యాకెట్ మళ్ళీ మళ్ళీ పంపుతుంది, ఒకసారి అందిందంటే అది లేచే టైము గుర్తుపెట్టుకుని తర్వాత్నుంచి దానికి కాస్త ముందే మొదలెడుతుంది. నాకు ప్రాణం ఇదే. అరగంటకో రీడింగ్ పంపే తోటకి ఇంకేం కావాలండీ, కాంటికిలో రేడియో ఎంతసేపు ఆన్‌లో ఉందో లెక్కేసే ఎనర్జెస్ట్‌తో తీసి చూస్తే చివరి వరస నోడ్లలో రేడియో ఆన్‌లో ఉండేది ఒక శాతం దరిదాపుల్లోనే.

ఇబ్బందులు లేవనను. బ్రాడ్‌కాస్ట్, అంటే చుట్టూ ఉన్న నోడ్లన్నిటికీ ఒకేసారి పంపేది అయితే ఎవరెప్పుడు లేస్తారో తెలీదు కాబట్టి 125 మిల్లీసెకన్ల పొడుగునా పంపుతూనే ఉండాలి, వానాకాలం తడిసిన మట్టల మధ్య సిగ్నల్ పడిపోయి ఆర్‌పీఎల్ (ప్యాకెట్ ఏ నోడ్ మీదుగా పోవాలో తేల్చే ప్రోటోకాల్) దారులు మారడం మొదలెడితే ఈ ఖర్చు బాగా పెరిగిపోద్ది. మోటారు షెడ్డు పక్క నోడ్ అందరి ప్యాకెట్లూ మొయ్యాలి, సెల్స్ ముందయ్యేది దానివే. షెడ్డులో కెమెరాకి వైఫై పెట్టించాక అది ఇంకా ఘోరం, వైఫై సిగ్నల్‌ని ప్యాకెట్ అనుకుని ఊరికే లేచి వినేది, నోడ్ల రేడియోల్ని వైఫైకి దూరంగా ఉండే 26వ ఛానల్‌కి మార్చాక నెమ్మదించింది.

టీఎస్‌సీహెచ్ అనే ఇంకో మ్యాక్ కూడా వేరే బోర్డుల మీద వాడి చూశా, 2012లో ఇలాంటి చిన్న రేడియోల స్టాండర్డ్ 802.15.4ఈతో వచ్చింది అది. ఎవరెప్పుడు మాట్లాడాలో స్లాట్లు ముందే ఉంటాయి, ఛానల్ మారుతూ ఉంటుంది కాబట్టి ప్యాకెట్లు పోవడం తక్కువ, కానీ పంపడానికేమీ లేకపోయినా గడియారాలు కలుపుకుంటూనే ఉండాలి. రొయ్యల చెరువులో ఆక్సిజన్‌లాగా నిమిషం నిమిషం రీడింగ్ కావాలంటే అదే పెట్టండి, తోటకి మాత్రం నా ఓటు కాంటికిమ్యాక్‌కే. కాకపోతే కాంటికి కొత్త రూపమైన కాంటికి-ఎన్‌జీలో ఇది లేదు, పాత కాంటికి మీదే ఉండాలి, కొత్తగా బోర్డులు కొనేవాళ్ళు ముందే చూసుకోండి.